వీపు మీది గాలిసంచి

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడతాను. నేను డైవింగ్ ఉద్యోగంలో చేరింది నీళ్ళ మీద ఇష్టంతో కాదు. నీళ్ళ అడుగున నన్నెవరూ మాట్లాడించలేరని చేరాను.

ఇంటర్వ్యూలో ఈత అంటే ప్రాణమన్నాను. పలమనేరులో పాడి చూసుకునే మా నాయనతో జీతం బాగుంటుందన్నాను. రెండూ అబద్ధాలు కావు, కానీ అసలు సంగతి అది కాదు. పదిమంది కూర్చున్న గదిలోకి అడుగుపెట్టాలంటే నేను చిన్నప్పటినుంచీ గుమ్మంలోంచే వెనక్కి తిరిగే రకం. పెళ్ళిళ్ళకు వెళ్తే చేతిసంచిలో పుస్తకం పెట్టుకెళ్ళి, వంటపాత్రలు సర్దిన గదిలో కూర్చుని చదువుకునేదాన్ని. తిరుపతిలో చదువుకునే రోజుల్లో ఒక శిక్షణ శిబిరంలో మొదటిసారి సిలిండరు కట్టుకుని ఈతకొలను అడుగున కూర్చున్నాను. నా ఊపిరి తప్ప ఇంకేదీ వినపడలేదు. "ఏం పాపా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అని ఎవరూ అడగలేదు. ఇక్కడే ఉండిపోతే బాగుండుననిపించింది.

ఉండిపోవడం కుదరలేదు. ముప్పై రెండేళ్ళకే రిటైరయ్యాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఈ వృత్తిలో రిటైరయ్యే వయసును ప్రభుత్వం నిర్ణయించదు, చెవులు నిర్ణయిస్తాయి. నా కుడి చెవి తన నిర్ణయం చెప్పేసింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాకు మెసేజులు పెడుతుంటారు. ఆడపిల్లలు కూడా ఉన్నారు, సంతోషం. అందరి ప్రశ్నా ఒకటే: "అక్కా, ఏ వింగ్ కొనాలి?" అడిగినంత తేలిక కాదు జవాబు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కొంచెం విసుగ్గా ఉంటుంది నా రాత. ఓపికగా చెప్పిన రోజులు అయిపోయాయి.

రంగు చేపలు లేని నీళ్ళు

మొదట ఒక భ్రమ పోగొడతాను. మీరు ఫోనులో చూసే నీలి సముద్రం, పగడాలు, చారల చేపలు, అవి మనవి కావు. తిరుపతిలో మా చిన్న కంపెనీ చేసిన పని వేరు. జలాశయాల తూముల దగ్గర చెత్త అడ్డుపడితే తీయడం, ఊరి తాగునీటి ట్యాంకుల అడుగు చూసి రావడం, శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో మంటలార్పే నీటి తొట్టెలు పరీక్షించడం, వేసవి వస్తే రైతుల బావులు. నీళ్ళు రాగిజావలా ఉంటాయి. చాచిన చెయ్యి కనపడదు. వేళ్ళతో తడిమి చూడటమే చూపు.

అలాంటి నీళ్ళలో మిమ్మల్ని కాపాడేది ధైర్యం కాదు, మీ సామాను. సామానులో నిప్పు లాంటిది గాలిసంచి. సరిగ్గా ఎంచుకుంటే అన్నం వండుతుంది, లేకపోతే ఇల్లు కాలుస్తుంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. డైవరు వీపున ఒక లోహపు ప్లేటు ఉంటుంది. దానికి సిలిండరు బిగిస్తారు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని ఉండే గాలిసంచే వింగ్. ఎడమ భుజం మీదుగా ఒక గొట్టం ముందుకు వస్తుంది. దాని మీద బటన్ నొక్కితే సిలిండరులోని గాలి కాస్త సంచిలోకి పోతుంది, మీరు తేలికవుతారు. గాలి వదిలితే బరువవుతారు. లోపల పైకీ కిందికీ పోకుండా, దారం కట్టిన గాలిపటంలా ఒక్కచోట నిలబడటమే మొత్తం విద్య.

ఇది లైఫ్ జాకెట్ కాదు. ఈ వాక్యాన్ని మా ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించమని అడిగాను. రాయించలేదు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ భద్రతాధికారి నేను తొట్టెలో దిగబోతుంటే ఆపి, వింగ్ మీద ఇంకో నారింజరంగు లైఫ్ జాకెట్ వేసుకుంటేనే అనుమతిస్తానన్నాడు.

"సార్, అది వేసుకుంటే నేను మునగలేను" అన్నాను.

"మునగకుండా ఉండేదానికే గదమ్మా అది!" అన్నాడాయన, నాకు తెలివి తక్కువని తేల్చేసి.

మా కంపెనీ యజమాని దొరస్వామి సార్ వచ్చి గంట సేపు కాఫీలు తాగించి ఆయన్ను ఒప్పించారు. ఆ గంటా నేను రబ్బరు సూట్‌లో ఎండలో ఉడికిపోయాను. లైఫ్ జాకెట్ మిమ్మల్ని వెల్లకిలా తిప్పి, ముఖం పైకి ఉంచుతుంది. వింగ్‌లో గాలి వీపు వైపే ఉంటుంది కాబట్టి, స్పృహ లేని మనిషిని అది బోర్లా తోసేయవచ్చు. ఇంతకన్నా పెద్ద తేడా ఇంకేముంటుంది?

హార్స్‌పవర్ లెక్క

దొరస్వామి సార్ మంచి మనిషి. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇకపైన ఆయన మీద నా విసుగే కనిపిస్తుంది. ఈ కంపెనీ పెట్టకముందు ఆయన చిత్తూరులో మోటార్ల దుకాణం నడిపారు. రైతుల బావుల్లో పడిపోయిన మోటార్లు తీయించీ తీయించీ, ఈ పనికే ఒక కంపెనీ ఉండాలని పెట్టారు. దుకాణం మూసేశారు కానీ దుకాణం లెక్క మాత్రం ఆయన తలలోంచి పోలేదు.

పాత వింగ్‌లు అరిగిపోయాయి. కొత్తవి తెప్పించాలి. నేను రాత్రి కూర్చుని చదివి, ఏవి కొనాలో ఒక పేజీ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిరగేసి, నా ముఖం చూశారు.

"ఇదేంది పాపా, ఇంత చిన్నది రాసినావు?"

"మనం కట్టేది ఒక్క సిలిండరే సార్. పన్నెండు, పధ్నాలుగు కిలోలు లేపేది చాలు."

"సూడు, నేను ముప్పై ఏండ్లు మోటార్లు అమ్మినాను. రైతు వచ్చి మూడు హెచ్‌పీ చాలంటాడు. నేను ఐదు ఎత్తుకోమంటా. ఎందుకు? రేపు నీళ్ళు కిందికి పోతే మూడు లాగలేక కాలిపోతాది. ఐదైతే దర్జాగా లాగతాది. ఎందుకన్నా మంచిది, పెద్దదే ఉండనీ."

"మోటారు లాగేది నీళ్ళను సార్. ఇది లాగేది మనిషిని."

"మనిషికి ఇంకా ఎక్కువ ఉండాల గదా మరి!" అన్నారు గెలిచినవాడిలా.

మన ప్రాంతంలో ఈ లెక్క దొరస్వామి సార్ ఒక్కరిదే కాదు. భూమి అడుక్కి పారిపోతున్న నీళ్ళను ఏళ్ళ తరబడి తరిమిన జనం మనం. ఏ యంత్రమైనా ఒక మెట్టు పెద్దది కొనడం మనకు జాగ్రత్త, పొదుపు కూడా. మోటారుకు అది నప్పుతుందేమో నాకు తెలియదు. వింగ్‌కు మాత్రం నప్పదు. ఎందుకో వినండి.

వింగ్ మోయాల్సింది రెండే. ఒకటి, నీళ్ళ పైన ఉన్నప్పుడు మీ సామాను: ప్లేటు, నిండు సిలిండరు, దానికి తగిలించినవి. రెండు, లోపలికి పోయేకొద్దీ మీ రబ్బరు సూట్ నలిగి తేలే గుణం కోల్పోతుంది, ఆ లోటు. ఈ రెండింటిలో ఏది పెద్దదైతే దానికి సరిపడి, పైన కాస్త మిగిలితే చాలు. పరీక్ష కూడా తేలికే. సామానంతా బిగించి, వింగ్ నింపి, మనిషి లేకుండా నీళ్ళలో వదలండి. తేలిందా? మీ పని అయిపోయింది. మన బావుల్లో వేసేది పల్చని సూట్, కట్టేది ఒక్క సిలిండరు. పెద్దది ఎందుకు?

పెద్దదైతే నష్టమేమిటంటారా? సంచి పెద్దదై లోపల గాలి కొంచమే ఉంటే, ఆ కొంచెం గాలి గిన్నెలో నీళ్ళలా అటూ ఇటూ పొర్లుతుంది. మీరు ఒక పక్కకు ఒరిగిపోతారు. సంచి అంచులు పైకి మడిచిన దోసెలా సిలిండరు చుట్టూ ముడుచుకుంటాయి. ఆ మడతలో చిక్కిన గాలిని బయటికి పంపడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, బటన్ నొక్కుతూ పోతే ఎంత పెద్ద సంచో అంత గాలి పడుతుంది. పైకి లేచేకొద్దీ నీళ్ళ ఒత్తిడి తగ్గి, ఆ గాలి ఇంకా ఉబ్బుతుంది, మీరు ఇంకా వేగంగా లేస్తారు. అప్పుడు ఆపుకోవడం మీ చేతిలో ఉండదు.

దొరస్వామి సార్ తెప్పించినవి రెండేసి సిలిండర్లకు చేసినవి. పెట్టె విప్పి ఆయనే చూపించారు. "ఇవి రెండు సిలిండర్లకని దుకాణమోడు చెప్పినాడు పాపా. మనం పెట్టేది ఒకటే. ఇంకెంత మేలు సూడు!"

ఆ రోజు డైరీలో రెండే మాటలు రాసుకున్నాను: "దేవుడా, ఓపిక."

సీసం తీయరు, సంచి పెంచుతారు

పెద్ద వింగ్ అవసరమని నమ్మేవాళ్ళలో సగం మందికి అసలు జబ్బు నడుముకు కట్టుకున్న సీసం. సముద్రం నీళ్ళు ఉప్పువి, మనిషిని ఎక్కువ తేలుస్తాయి. మునగడానికి ఎక్కువ సీసం కట్టుకోవాలి. మన బావి నీళ్ళు అంత తేల్చవు, రెండు మూడు కిలోలు తీసేయాలి. ఇది ఎనిమిదో తరగతి సైన్సు.

అయినా తీరంలో నేర్చుకుని వచ్చినవాళ్ళు ఆ సీసమంతా కట్టుకునే మా జలాశయాల్లో దిగేవారు. రాయిలా పోయి బురదలో కూలబడేవారు. అక్కడినుంచి లేవడానికి బటన్ నొక్కి నొక్కి సంచి నింపేవారు. పైకొచ్చి, "ఈ వింగ్ చాలదు సార్" అనేవారు. సీసం తీయమని నేను చెబితే, ఒకతను నా ముఖం మీదే అన్నాడు: "సీసం తక్కువైతే మనిషి తేలిపోతాడు మేడం. మీకు సముద్రం తెలీదు."

నిజమే, తెలీదు. నాకు తెలిసింది బురద. మీరు మాత్రం ఇది చెయ్యండి. దిగే నీళ్ళలోనే, సిలిండరు దాదాపు ఖాళీ అయ్యాక, సంచిలో గాలి లేకుండా, చెరువు నడుంలోతులో నిలబడి సీసం ఒక్కొక్కటే తీసి చూడండి. మోకాళ్ళు ముడిచి ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి, పీలిస్తే ఆగాలి. అదీ మీ బరువు. వింగ్ ఎంచుకోవడం దాని తర్వాతే. కొనేటప్పుడు పై గుడ్డ మందంగా ఉన్నదే చూడండి, మన బావుల రాళ్ళు కత్తుల్లాంటివి. గుండ్రంగా చుట్టూ కలిసిపోయిన ఆకారం మంచిది, గాలి ఒక పక్కే ఇరుక్కోదు. ఇంటికి తెచ్చాక గట్టిగా నింపి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు మెత్తబడితే వెనక్కి ఇచ్చేయండి, దుకాణంవాడు ఎన్ని కబుర్లు చెప్పినా వినొద్దు.

ఐరాల దగ్గర ఒక బావి

మునిరత్నం అన్న గురించి చెప్పాలి. మా కంపెనీలో అందరికన్నా పాత డైవరు. సిలిండరు ముఖం చూడకముందే ఊపిరి బిగబట్టి బావుల్లో దిగి, పడిపోయిన బిందెలూ మనుషులూ తీసిన గజఈతగాడు. నీళ్ళలో ఆయన కదలిక చూస్తే నాకు ఈర్ష్యగా ఉండేది. ఆయనకున్న చెడ్డ అలవాటు ఒకటే. వింగ్ చూస్తే ఆయనకు గాలిసంచి కనపడదు, కూలీ కనపడతాడు. దానితో సామాన్లు మోయించాలని చూసేవాడు. నీళ్ళలో బరువు లేపడానికి వేరే సంచులుంటాయి, అవి డైవరు ఒంటికి కట్టుకునేవి కావు. అవి తెప్పించమంటే సార్ అన్నది, "మనకాడ పెద్ద వింగులుండాయి గదా" అని.

వేసవి. ఐరాల దగ్గర పల్లెలో చెంగల్రాయుడు అనే రైతు బావిలో మోటారు పైపుతో సహా తెగి పడింది. మామిడి మొక్కలు ఎండిపోతున్నాయని మనిషి ఏడవడం ఒక్కటే తక్కువ. అంతకుముందే ఊరివాళ్ళు గాలం వేసి లాగితే మోటారు బురదలో ఇంకా దిగబడింది. రాళ్ళు కట్టిన పాత బావి. లోపలి గోడలోంచి మెట్ల కోసం రాతిపలకలు పొడుచుకు వచ్చి ఉన్నాయి. నేను సన్నగా ఉంటాను కాబట్టి, నా సొంత డబ్బుతో కొన్న పాత చిన్న వింగ్‌తో నేను దిగి మోటారుకు తాడు కట్టి పైకి రావాలి, తర్వాత కప్పీతో పైనుంచి లాగాలి. అదీ అనుకున్న పద్ధతి.

సూట్ వేసుకుని బావి గట్టుకు వచ్చాను. చెంగల్రాయుడు గంగమ్మకు కర్పూరం వెలిగిస్తున్నవాడల్లా నన్ను చూసి ఆగిపోయాడు.

"ఈయమ్మా దిగేది?"

"అవును, బాగా పని తెలిసిన పాప" అన్నారు సార్.

"ఆడబిడ్డ ఈ బావిలో దిగేది ల్యా సామీ. మా తాత కాలం నుంచీ ల్యా. గంగమ్మకి కోపమొస్తే ఉండే కాసిని నీళ్ళూ పోతాయి."

నేను ఏదో అనబోయేలోపే సార్ సరే అనేశారు. మునిరత్నం అన్న అప్పటికే చొక్కా విప్పేశాడు. కొత్త పెద్ద వింగ్ బిగించుకుంటూ, ప్లేటు అడుగున ఒక పొట్టి తాడు ముడేస్తున్నాడు. ఆయనేం చేయబోతున్నాడో నాకు అర్థమైపోయింది.

"అన్నా, మోటారును ఒంటికి కట్టుకోవద్దు" అన్నాను.

"ఊ."

"అన్నా, అది బురదలోంచి ఊడి వస్తే ఆపలేవు. తాడు కట్టేసి వచ్చేయి."

"అయితాదిలే పాపా."

"ఆ వింగ్ కూడా వద్దన్నా. నాది తీసుకో."

"నీదా? అది నా అన్నం మూటంత కూడా ల్యా." గట్టు మీదున్న వాళ్ళంతా నవ్వారు. మూడుసార్లు చెప్పాను. లెక్కపెట్టుకుని మరీ చెబుతున్నాను, మూడుసార్లు.

ఆయన దిగాడు. ఆయన నడుముకు కట్టిన సంకేతాల తాడు నా చేతిలో ఉంది. ఒక్కసారి లాగితే బాగున్నానని, వరసగా లాగితే ఆపదని. మోటారుకు కట్టడానికి ఆయన కిందికి తీసుకెళ్ళిన లావు తాడు రెండో కొస ఊరివాళ్ళ చేతుల్లో. కాసేపటికి నీళ్ళ మీద బుడగలు గుంపుగా వచ్చాయి. బురద రంగు పైకి తేలింది. మోటారు ఊడింది.

"వచ్చింది రోయ్! లాగండ్రా!" అని చెంగల్రాయుడు అరిచాడు. పదిమంది ఒక్కసారిగా లాగారు. తాడు కొంత వచ్చి బిగుసుకుపోయింది. మోటారు రాతిమెట్టు కింద ఇరుక్కుంది. వాళ్ళు ఇంకా గట్టిగా లాగారు. నా చేతిలో తాడు కొట్టుకుంది. ఒకసారి కాదు, ఆగకుండా.

"ఆపండి!" అన్నాను. ఎవరూ వినలేదు. "ఆపండి! మనిషి ఇరుక్కున్నాడు!" ఈసారి సార్ విని, పరుగెత్తి వాళ్ళ చేతుల మీద కొట్టి తాడు ఆపించారు.

నా సామాను గట్టు మీదే సిద్ధంగా ఉంది. వీపుకు తగిలించుకున్నాను. అప్పుడు మాత్రం ఆడబిడ్డ దిగకూడదని ఎవరూ అనలేదు. చెంగల్రాయుడే చెయ్యి పట్టి మెట్టు దింపాడు.

నీళ్ళలోకి తలకిందులుగా పోయాను. చెవుల ఒత్తిడి అడుగడుగునా సర్దుకుంటూ పోవాలని పిల్లలకు నేర్పేది నేనే. సర్దుకునే సమయం లేదు. ముక్కు మూసి గట్టిగా ఊదాను. కుడి చెవిలో ఏదో పుటుక్కుమంది. చల్లటి నీళ్ళు తలలోకి పోయినట్టయింది, బావి గిర్రున తిరిగింది. పైదేదో కిందదేదో తెలియలేదు. చేతిలో ఉన్న సంకేతాల తాడును పట్టుకునే ఆయన దగ్గరికి చేరాను.

తడిమి చూస్తే అర్థమైంది. ప్లేటు అడుగున కట్టిన పొట్టి తాడు మోటారు వైపు బిగిసి ఉంది. పెద్ద సంచి నిండిపోయి ఆయన్ను పైకి లాగుతోంది. కింద మోటారు, పైన గాలి, మధ్యలో మనిషి, తీగ మీద ఆరేసిన గుడ్డలా. సంచి సిలిండరు చుట్టూ ముడుచుకుపోయి గాలి వదిలే చోటు మడతలో పడింది. గొట్టం వీపు వెనక్కి పోయి ఆయన చేతికి అందడం లేదు. ముడి మీద బరువు ఉండటంతో విప్పుకోలేకపోతున్నాడు. పెనుగులాడి పెనుగులాడి గాలంతా తాగేస్తున్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మీలో ఎవరికైనా ఇదే తటస్థపడవచ్చు. నా చేతిలో కత్తి ఉంది. ముందు తాడు కోయాలనిపిస్తుంది. కోశానంటే ఆ సంచి ఆయన్ను రాతిపలకల మీదుగా బాణంలా పైకి విసురుతుంది. భయంతో ఊపిరి బిగబట్టిన మనిషి అలా పోతే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. అందుకని ముందు సంచి కోశాను. ఆ మందపు గుడ్డలోకి కత్తి దిగడానికి రెండు పోట్లు పట్టింది. గాలి భుస్సుమని పోయింది. ఆయన కిందికి జారి నా మీద పడ్డాడు. అప్పుడు ఆయన నడుము సీసం విప్పి వదిలేశాను. ఆ తర్వాతే తాడు కోశాను. ఆయన పట్టీ పట్టుకుని, నా చిన్న వింగ్‌లో కొంచెం కొంచెంగా గాలి పోస్తూ ఇద్దరం మెల్లగా పైకి వచ్చాం. సీసం పోయాక మనిషి బరువేముంటుంది? అన్నం మూటంత లేని ఆ సంచి ఇద్దరినీ తెచ్చింది.

గట్టు మీద ఆయన దగ్గుతూ కూర్చున్నాడు. నేను కూర్చోలేక పడుకున్నాను, ఆకాశం తిరుగుతూనే ఉంది. చెంగల్రాయుడు నా మీదికి వంగి ఏదో అడిగాడు. వినపడక తల ఇటు తిప్పాను.

"అది కాదు పాపా, మోటారు కూడా కోసేసినావా?"

కోయలేదు. వాళ్ళ తాడుకే వేలాడుతోంది. సాయంత్రం మెట్టు పక్కనుంచి తప్పించి లాగేశారట. బాగానే తిరిగిందట. గంగమ్మకు కోపం కూడా రాలేదట.

లెక్క తప్పితే

మునిరత్నం అన్న కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి బాగయ్యాడు. నా చెవి బాగవలేదు. లోపలి పొర ఏదో చిరిగిందని, ఇంకోసారి నీళ్ళలో దిగితే రెండో చెవికీ భరోసా లేదని డాక్టరు చెప్పాడు. ఇప్పటికీ చీకట్లో నడిస్తే గోడ పట్టుకోవాలి. ఇందులో త్యాగం ఏమీ లేదు. తాడు నా చేతిలో కొట్టుకుంది, దిగాను. మీరైనా దిగుతారు. నా కోపమంతా అసలు దిగాల్సిన అవసరమే లేని చోట దిగాల్సి వచ్చినందుకు.

నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు సార్ ద్రాక్షపండ్లు తెచ్చారు. కాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకున్నారు. లేవబోతూ అడిగారు:

"పాపా, కొత్త వింగు గదా అది. తాడొక్కటే కోసింటే పోయేది గదా?"

వివరంగా చెప్పాను. ఊపిరితిత్తుల బొమ్మ కూడా వేసి చూపించాను. ఆయన శ్రద్ధగా విని తల ఊపారు. "అయితే ఆ గుడ్డ కత్తికి తెగేదన్నమాట. ఈసారి ఇంకా మందంగా ఉండేది తెప్పిద్దాం" అన్నారు.

అందుకే మీకు చెబుతున్నాను, మీ వింగ్ మీరే కొనుక్కోండి. కంపెనీ ఇచ్చేదాకా ఆగొద్దు. మీ సామాను తూచి, మీ నీళ్ళు చూసి, మీ ఒంటికి సరిపడేది. ఎందుకన్నా మంచిదని ఎవరైనా పెద్దది చేతిలో పెడితే, ఎందుకో చెప్పమనండి. దేనికి మంచిదో చెప్పలేకపోతే తీసుకోవద్దు.

ఆఫీసులో చివరి రోజు నా చిన్న వింగ్‌ను కడిగి, ఆరబెట్టి, మునిరత్నం అన్న బల్ల మీద పెట్టాను. అప్పటికి ఆయన మళ్ళీ పనిలో చేరాడు. దాన్ని తీసుకుని తన ప్లేటుకు బిగించి, సిలిండరు తగిలించి, పెరట్లో పరీక్షలకు పెట్టిన నీటితొట్టెలోకి వదిలాడు. తేలింది. చేత్తో ఒకసారి కిందికి నొక్కి వదిలి చూశాడు. మళ్ళీ తేలింది. తర్వాత నాకు వినపడేలా ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాడు. థ్యాంక్స్ చెబుతాడేమో, ఏం బదులివ్వాలా అని నాకు అప్పుడే బెరుకు మొదలైంది. చేతిసంచీ భుజాన వేసుకుని వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ తర్వాత మేం మళ్ళీ కలుసుకోలేదు. ఆయన నాతో అన్న ఆఖరి మాట ఇది:

"అయినా పాపా, నువ్వు ఆ పొద్దు రవ్వంత గట్టిగా చెప్పుంటే నేను వినుండనా?"